పన్నెండోది

వేసవిలో చేసినవన్నీ నేలమీద పరవమన్నారు థురయా మేడం,
చెప్పులు విడిచి వాటి మధ్య నడుస్తారట.
నేను పదకొండు పరిచాను.
పన్నెండోదానికి మూరెడు చోటు వదిలాను.

మొదటి మూడూ నీలాలు.
మందు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి
పది నిమిషాలు ఎండ చూపించాలని క్లాసులో రాసుకున్నాను.
ఆ పది నిమిషాలు ఏ దేశపువో!
రూవీలో మా మేడ మీద, జూన్ నెలలో,
నిమిషంన్నరకే కాగితం మాడిన అట్టులా రంగు తిరిగింది.
అప్పుడు లెక్క మార్చాను.
కరివేపాకు రెమ్మకి నలభై దాకా,
మలయాళీలు మత్తి అనే చిన్న చేప వెన్నుముల్లుకి ముప్పై,
బాపు సంచిలోని రాగి గొట్టం చుట్టకి యాభై.
అమ్మ మెట్ల మీద కూర్చుని పైకే లెక్కపెట్టేది,
ముప్పైఏడు దగ్గర పొయ్యిమీది కూర గుర్తొచ్చి లేచిపోయేది.

కడగాలంటే చల్లటి నీళ్ళు కావాలి.
ఇక్కడ ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి చాయ్ పోస్తుంది,
ఏప్రిల్‌లో ఆపేసిన గీజరులోనే కాస్త చలవ దాగి ఉంటుంది.
ఎర్ర చుక్క ఉన్న కుళాయి తిప్పి నీలాన్ని కడిగాను.
స్నానానికి నీళ్ళు మిగల్లేదని
తమ్ముడు సాకేత్ నా కళ మీద రెండు రోజులు అలిగాడు.

ఏసీల కింద పెట్టినవి నాలుగు.
సందులో బొట్లు రాలే చోట సిరా చల్లి వదిలేస్తే
నీళ్ళే గీసుకుంటాయని నా ఆలోచన.
గొప్పగా పేరు కూడా పెట్టాను, 'మూడో అంతస్తు చెమట' అని.
బాపు వాడీ కబీర్ షెడ్డు నుంచి వచ్చి
నూనె చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశాడు.
"ఇది మంచిగనే కారుతుంది. గీ రెండోదానికి డ్రెయిన్ జామైంది బిడ్డా,
ఎవల ఇంటిదో చెప్పు, రేపు పోయి ఊదొస్త."
నా బొమ్మని అంత శ్రద్ధగా ఇంకెవరూ చదవలేదు.
పోయాడు కూడా. పైసా తీసుకోలేదు.

మిగతావి బొగ్గు.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా ఎండలో పని బందు.
బాపు వ్యానులో గుబ్రా వెళ్ళి
తలుపుల్లేని అంతస్తులో, అట్టముక్కల మీద
నిద్రపోయే మనుషుల్ని గీశాను.
చెప్పులు తలకింద పెట్టుకున్నవాళ్ళు,
హెల్మెట్ పొట్టమీద బోర్లించుకున్నవాళ్ళు.
పడుకున్నవాడు కదలడు, తేలికే అనుకున్నాను.
ఊపిరి కదులుతుంది.
చెమటబొట్టు మెడ మీద దారి మార్చుకుంటుంది.

ఎర్రం పోశెట్టి లేచి తన బొమ్మ చూసుకున్నాడు.
"సచ్చినోని లెక్క గీసినవేంది బిడ్డా?
ఇంటిది సూస్తే గుండె పల్గుతది. కండ్లు తెర్సి పెట్టు."
పెట్టాను. పడుకున్న ముఖంలో మేలుకున్న కళ్ళు,
ఏ పాఠం ప్రకారం చూసినా తప్పే.
ఆయన ఫొటో తీసి మెట్‌పల్లికి పంపాడు.
కాసేపటికి జవాబుగా ఒక గొంతు,
దాని వెనకాల బీడీ ఆకు కత్తిరించే చప్పుడు.
"బొమ్మ మంచిగున్నది గని,
మెడమీది పుట్టుమచ్చ ఎడమ దిక్కు గదా. ఆ పిల్లకు చెప్పు."

చేతికందేంత దూరంలో రెండు గంటలు కూర్చుని
నేను కుడి వైపు పెట్టాను.
నాలుగేళ్ళుగా ఆ మెడ చూడని మనిషి
ఎడమ అంది.
ఆయన సద్దిలోని ఖుబ్జ్ ముక్క తుంచి కుడిది తుడిచాను.
రెండో మచ్చకి బొగ్గు ఆనించినంత భయంగా
ఈ వేసవిలో ఇంకేదీ చేయలేదు.

ఆ బొమ్మ ఇప్పుడు వాళ్ళ క్యాంపులో ఉంది.
పై మంచం అడుగున, కింద పడుకున్నవాడికి కనిపించేలా,
అన్నం మెతుకులతో అంటించి.

మేడం నీలాల మధ్య నడిచారు, ఏసీ కాగితాల దగ్గర నవ్వారు.
ఖాళీ చోటు అంచున ఆగి
ఇక్కడ ఏముండాలి అని అడిగారు.
ఇంగ్లీషులో మొదలుపెట్టి, అరబ్బీలో తడబడి
ఊరుకున్నాను.
వేలు మాత్రం, గోటి కింద ఇంకా పోని నీలంతో,
మెడకి ఎడమ పక్కకి వెళ్ళింది.