ఖాళీ అర

రాత్రి పదిన్నరకి కర్రీ పాయింట్ షట్టర్ దించాక
గిన్నెల అడుగున మిగిలిందే నా అసలు లెక్క:
రెండు గరిటెల అన్నం, తాలింపుకి నోచుకోని బీన్స్,
ఎవరూ అడగని బీరకాయ, మెత్తబడ్డ టమాటాలు.
ఇదివరకు అన్నీ నల్ల సంచిలో మూటగట్టి
పొద్దున్నే చెత్తబండికి ఇచ్చేదాన్ని,
మొహం అటు తిప్పుకొని.

ఇప్పుడు స్టవ్ పక్కన ఐదు అరల పెట్టె
రాత్రంతా గుర్రుపెడుతుంది.
డబ్బాలో ఉప్పు కూడా చెమర్చే ఊరు మాది.
అప్పడం తెల్లారేసరికి వంగిపోతుంది.
విశాఖలో ఏదైనా ఆరాలంటే
సముద్రంతో తగువు పెట్టుకోవాలి.

చేపలమ్మే నూకరత్నం నవ్వింది:
"ఎండక్కూడా బిల్లు కడతన్నావేటమ్మా!"
నేనూ నవ్వి, గలగలమనే టమాటా ఒరుగులు
గుప్పెడు ఆమె కొంగులో పోశాను.

ఆశ్వయుజంలో తొమ్మిది రోజులు ముసురు.
పెదజాలరిపేట ఇసుకలో నెత్తళ్లు
పరిచి, ఎత్తి, కప్పి, మళ్లీ పరిచి
పదోనాడు తట్ట చంకన పెట్టుకొని
నా గుమ్మంలో నిలబడింది.
కేక వెయ్యలేదు. బేరం లేదు.
"ఓ అర కాళీ ఉంటదేటి?"

ఒకటేం సరిపోతుంది. ఐదూ ఇచ్చాను.
పై వాటావాళ్లు రెండుసార్లు తలుపు కొట్టారు.
ఆ రాత్రి బీరకాయ మళ్లీ
నల్ల సంచిలోకే వెళ్లింది.

తెల్లారి నూకరత్నం ఒక నెత్తల్ని
చెవి దగ్గర విరిచి
ఆ టప్పుమన్న చప్పుడు విన్నది.
కొంగుముడి విప్పుతూ అడిగింది:
"బిల్లెంతయ్యిందో సెప్పు."