పది సెకన్ల పంటు

రొయ్యల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు,
మేత బస్తాల దొంతర,
దాని మీద నా పాత ల్యాప్‌టాప్.
అర్ధరాత్రి దాటాక
ఏరేటర్లు నీళ్లను చిలుకుతుంటే
నేను గోదావరిని రాస్తుంటాను.

బస్సు ఆటకి నేను చేస్తున్న మోడ్ అది.
ఇవతల సఖినేటిపల్లి రేవు, అవతల నరసాపురం,
మధ్యలో ఒక పంటు.
బస్సు పంటెక్కాలి, పది సెకన్లు ఆగాలి,
అప్పుడు గొలుసు పడాలి, ఇంజను దగ్గాలి, ఒడ్డు కదలాలి.
ఆ పది సెకన్లకే పది రాత్రులు పట్టాయి.

మొదట తేలికే అనుకున్నాను.
స్లీప్ అని రాసి పక్కన పదివేలు పెట్టాను, మిల్లీసెకన్ల లెక్కన.
బస్సు పంటెక్కింది.
అంతే,
గోదారి ఆగిపోయింది.
అల లేచిన చోటే గాజుపెంకైంది.
కొంగ ఒక రెక్క పైకెత్తి, రెండోది మర్చిపోయింది.
టికెట్లు కోసే మనిషి నోరు తెరిచి ఉండిపోయాడు.
హారన్‌కి ఒకే అక్షరం దగ్గర నత్తి పట్టుకుంది.
పదో సెకను దాటాక అన్నీ ఒక్కసారే ఉలిక్కిపడ్డాయి,
పంటు కప్పలా గెంతి ఏటి మధ్యలో పడింది.

ఒక్కడు ఆగాలంటే
ఊరంతా ఊపిరి బిగబట్టాలా?

మరిడయ్య బాబాయి టార్చి వేసుకుంటూ వచ్చాడు.
"ఏటలా కొయ్యబారిపోయావు? చెక్ ట్రే వేశావా?"
వేశాను.
"ఎన్నింటికి?"
ఒంటిగంటా పదికి.
సుద్దముక్కతో తలుపు మీద రాసుకున్నాడు.
"మూడూ పదికి లేపి చూడు. అందాకా డీజిలు చూసుకో,
ఆ మూల ఏరేటరు తిరుగుతుందో లేదో చూసుకో.
పక్కనే గొంతుక్కూచుంటే రొయ్య తొరగా తింటదేటి?
నువ్వు కూచున్నావని చెరువు కూచోదు."

తలుపు మీద ఆ సుద్ద అంకె వంక చాలాసేపు చూశాను.

స్లీప్‌ని కొట్టేశాను.
దాని చోట ఒక చిన్న గది కట్టాను, లోపల ఒక్కటే అంకె:
బస్సు పంటెక్కిన వేళ.
ఇక ఆట తన చుట్టు తాను తిరుగుతూ
ఆ గది ముందు నుంచి పోతూ అడుగుతుంది,
"అయిందా?"
"ఇంకా లేదు."
సరే అని వెళ్లిపోతుంది.
కొంగని ఎగరేస్తుంది, అలని దించుతుంది,
ఓ టికెట్టు చింపిస్తుంది, మళ్లీ వస్తుంది.
"అయిందా?"
సెకనుకి అరవై సార్లు. ఒక్కసారీ విసుక్కోదు.

అంటే, చివరికి అలా కుదిరింది గానీ
తెలివి ఎక్కువై ముందు చుట్లు లెక్కపెట్టాను.
ఆరువందల చుట్లంటే పది సెకన్లే కదా అని.
నా ముసలి మిషన్ మీద పంటు అరనిమిషం నిలబడింది.
రాజోలులో దైవకుమార్ కొత్త కంప్యూటర్లో
నాలుగు సెకన్లకే పరారైంది.
ఫోన్ చేసి ఒకటే నవ్వు,
"మీ సరంగుకి కల్లు పోశారేటి?"
అడుగులు కావు, గడియారం చూడాలి.
బాబాయి రాసింది టైమే కదా,
గట్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో కాదు.

ఇంకో సంగతి.
ఆగలేని డ్రైవరు ఏడో సెకనులో బస్సు వెనక్కి తీసుకుపోతే?
గదిలో అంకె చెరిపెయ్యాలి. మర్చిపోయాను.
పదో సెకనుకి,
ఎవరూ లేని పంటు గొలుసు వేసుకుని,
ఇంజను దగ్గి,
ఎంతో బాధ్యతగా అవతలి ఒడ్డుకి బయల్దేరింది.
సరిచేశాను. కాకపోతే వెంటనే కాదు,
ఇంకో రెండుసార్లు దాన్నలా వెళ్లనిచ్చాను.

మూడూ పది.
తాడు లాగి ట్రే లేపాను.
మేత ఒక్క గింజ లేదు.
టార్చి వెలుగులో నాలుగు జతల ఎర్రటి కళ్లు
నన్ను చూసి చటుక్కున నీళ్లలోకి జారాయి.
తలుపు మీద పాత అంకె చెరిపి కొత్తది రాశాను.

లోపల స్క్రీను మీద
పంటు అప్పటికే నడి గోదాట్లో ఉంది.
కదిలినప్పుడు నేను చూడలేదు.