నలభై ఆరు శాతం

హంటర్ రోడ్డు కాలేజీ, మూడో అంతస్తు,
ఏసీ పాడైన సర్వర్ గది.
టేబుల్ ఫ్యాన్ మొఖం పెట్టెల దిక్కు తిప్పి
నేను చెమటలు తుడుసుకుంట
లాగ్ ఫైలు చదువుతున్న.

మిస్సు, మిస్సు, మిస్సు, ఒక్క హిట్టు, మల్ల మిస్సు.
ఆరు వందల మంది హాస్టల్ పిల్లలు,
దారమసోంటి లైను ఒక్కటి.
అదే బొమ్మ కోసం ఆరు వందల సార్లు
హైదరాబాదు దాక పోయి వచ్చుడు.

పోచమ్మమైదాన్ల మా మేనమామ సాంబయ్యకు
నట్లు బోల్టుల దుకాణముండె.
దినాం అడిగేటియి చేతికందే డబ్బాలల్ల,
ఏడాదికోసారి అడిగేటియి అటక మీద.
"యాది పెట్టుకునుడు ఎవడైన జేస్తడు,
ఏది మర్వాల్నో ఎరుకుండాలెరా" అనేటోడు.

ఆయన డబ్బాలనే కాన్ఫిగ్ ఫైల్ల పేర్చిన.
పెద్ద పెద్ద వీడియోలు డిస్కులకు రావద్దు.
చిన్న బొమ్మలు మెమరీలనే ఉండాలె.
ప్రశ్నగుర్తు ఎనుక తోక మారినా
సరుకు ఒక్కటే అయితే డబ్బా ఒక్కటే.
గడువులు పెంచిన, గంటను దినం జేసిన.
ఇరవై ఒకటి.
ముప్పై మూడు.
శుక్రారం తెల్లారగట్ల నలభై ఆరు!
ఎవలకు చెప్పుకోవాలె ఈ సంబురం?
వాచ్‌మన్ ఓదేలుకు చెప్పిన.
"మంచిదే సారూ, మరి ఏసీ ఎన్నడొస్తది?" అన్నడు.

సోమారం పొద్దుమీకి
తాడ్వాయి పిల్ల ఈసం స్వరూప
తలుపు కాడ చెప్పులిడిసి నిలబడ్డది.
"సార్, మా ఊర్ల దోస్తులకు రిజల్ట్ వచ్చిందంట.
ఈడ మాత్రం ఇంకా విడుదల కాలేదనే వస్తున్నది.
పొద్దుగాల సంది నూరు సార్లు కొట్టిన."

నూరు సార్లు.
నా లెక్కల అవి నూరు హిట్లు.
నిన్నటి పేజీని లోపట దాసుకొని
గడప దాటకుంటనే, రెప్పపాటుల,
నూరు సార్లు ఆ పిల్లకు అబద్ధం జెప్పిన.

ఆ ఒక్క పేజీ తుడిసేసిన.
మల్ల కొట్టమన్న.
లైను నత్తలెక్క కదిలింది,
లాగుల ఒక మిస్సు పడ్డది.
స్వరూప ఏం మాట్లాడలే.
తెర మీద ఏలు పెట్టి
తన పేరు రెండు సార్లు చదువుకున్నది.
మార్కులెన్నని నేను అడగలే.

ఆ రాత్రి ఆ సైటు పేరు ముందట ఒక వరుస రాసిన:
దీన్ని దాసిపెట్టకు, అడిగినప్పుడల్ల పోయి తెలుసుకొని రా.

తెల్లారి చూస్తె నలభై ఒకటి.
ఓదేలుకు చెప్పలే.
కాజీపేట దిక్కు గూడ్సు బండి కూత,
ఫ్యాన్ రెక్క ఒకటి జాలీకి తాకి
టక్కు టక్కుమంటున్నది.