రంపం మీద నీళ్ళు

నా పని రాయిని చూడటం.
రాయిని కూడా కాదు, రాయి బొమ్మని.

ఫ్యాక్టరీ మేడ మీద ఏసీ గదిలోకి
పాలిష్ పట్టిన ప్రతి పలకా ఫోటో అయి వస్తుంది.
నలుపు. నలుపు నిండా రాగి చుక్కలు.
మా చీమకుర్తి రాయి రాత్రిని మింగి పుట్టింది.
దాన్ని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి
వెంట్రుకంత బీట, తెల్ల గీత, చుక్కల్లేని బోడి జాగా
యాడుంటే ఆడ ఎర్ర సున్నా చుట్టాలి.
రోజుకి నూట నలభై పలకలు.
ఒక్క సున్నా తప్పితే
నేనెన్నడూ చూడని దేశంలో ఎవరిదో వంటగట్టు
నా పేరు చెప్పి పగులుతుంది.

మార్చిలో ఒక సాయంత్రం
పలక మధ్యలో పొగ పట్టినట్టు మచ్చ.
సున్నా చుట్టి కిందకి పంపితే
సూపర్‌వైజర్ మాల్యాద్రి ఫోన్ చేశాడు:
"ఏ మచ్చ మేడమ్? అద్దంలాగుంది గందా!"
దిగిపోయాను. చున్నీ కొసతో తుడిచాను.
గోటితో గీకాను.
రాయికేం లేదు.
కళ్ళు నులుముకుంటే మచ్చ పోయింది.
అప్పుడు తెలిసింది
మరక ఎవరిదో.

ఆ నెలంతా ఒంగోలు బస్సులో
కళ్ళు మూస్తే లోపల ఇసక,
తెరిస్తే ఎదురు లారీ లైటు చుట్టూ సూదులు.
అన్నంలో రాయిని ఏరేసేదాన్ని
కంట్లో రాయిని ఏరలేకపోయాను.

కర్నూల్ రోడ్డులో కంటి డాక్టరమ్మ
పసుప్పచ్చ కాగితం పీలిక రెప్పకి ఆనించి
నీలం దీపం వేసి
మనసులో ఏదో లెక్కపెట్టుకుంది.
"మూడు అనేలోపు ఎండిపోతోంది" అంది.
"నువ్వు రెప్ప వెయ్యడం మర్చిపోయావమ్మా."

కరెంటు బిల్లు మర్చిపోయాను,
కూరలో ఉప్పు మర్చిపోయాను,
దీన్ని కూడా మర్చిపోవచ్చని
ఎవరూ చెప్పలేదు.
కంటికి రెప్పలా కంటికి రెప్పలా అని
పిల్లల్ని, పొలాల్ని, పరువుని కాపాడుకున్నాం గానీ
రెప్ప మంచిచెడ్డలు ఎవరడిగారు?

చుక్కల మందు నూట ఎనభై.
ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడమంది.
మా గదిలో దూరం లేదు.
తెర మీద వెలుగు పడకూడదని
కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించారు.
అందుకే మెట్లు దిగి
రంపం షెడ్డు దాకా పోయొచ్చేదాన్ని.

అక్కడ జిలానీ.
పాతికేళ్ళ రంపం మోతకి సగం చెవులు పోయి
గుసగుస కూడా కేకేసి చెప్తాడు.
బండ మీద తిరిగే చక్రం మీద
ఆగకుండా నీళ్ళు, పాలలా తెల్లటి బురద.
"నీళ్ళాగితే?" అనడిగాను ఊరికే.
"రెండు నిమిషాలమ్మా! బ్లేడు మాడిపోద్ది, రాయి చిట్లుద్ది.
కోసేది రంపం అనుకుంటారు అందరూ.
నీళ్ళు!"
కాసేపు నా మొహంలోకి చూశాడు.
"ఏందమ్మా, కళ్ళు అట్టా ఎర్రబారినయ్?
పైన నీకు నీళ్ళెవరు పోస్తన్నారు?"

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత రాలేదు.
ఎందుకంటే అతని కళ్ళు నాకంటే ఎర్రగా ఉన్నాయి.
కళ్ళద్దాలిచ్చారు, ఆవిరి పట్టి కనపడక
మేకుకి తగిలించాడు.
అతనికి ఏసీ లేదు, డాక్టరమ్మ లేదు,
నూట ఎనభై రూపాయల మాటే రాలేదు.
సంచిలో సీసా తీసి చేతిలో పెడితే
"నాకు దుమ్మేనమ్మా, నీళ్ళతో కడిగితే పోద్ది" అని
తిరిగి ఇచ్చేశాడు.

ఆ రోజు పైకొచ్చి
కిటికీ మూల నల్ల కాగితాన్ని
ఐదు రూపాయల బిళ్ళంత
గోటితో గీకేశాను.
అందులోంచి రామతీర్థం వైపు
సగం కోసేసిన కొండ,
దాని మీద అగ్గిపుల్లంత క్రేను,
క్రేను కొసన కదలని ఆకాశం.
ఎవరూ ఇంకా గమనించలేదు.
గంటకి మూడుసార్లు లేచి
ఒక కన్ను ఆనించి నిలబడతాను,
తర్వాత రెండోది.
మొదట ఏమీ జరగదు.
కొండ మసగ్గా ఉంటుంది, తేరుకుంటుంది.
అప్పుడు, నేను చెప్పకుండానే,
రెప్ప దిగుతుంది.

ఇవాళ నూట ముప్పై ఆరే అయినయ్.
అడిగితే చెప్తాను:
మిగతా నాలుగు పలకలూ
రెప్పల కింద పోయినయ్ సార్.