రెండు మిల్లీమీటర్లు

లోమేలో కరెంటు పోయిన మధ్యాహ్నం.
డ్జిఫా భూతద్దాన్ని కిటికీ దగ్గరకి జరిపింది.
పట్టకారు కొసన గోరంత ఓడ,
కైజరు విహరించే ఓడ.
పొగగొట్టాలకి అడ్డంగా నల్ల అక్షరాలు:
ఆంగ్లో ఫ్రెంచి ఆక్రమణ.

వరుసకీ వరుసకీ మధ్య
మూడు మిల్లీమీటర్లుంటే ఒక ధర,
రెండుంటే ఇంకో ధర.
తలకిందులుగా పడిందా, ఇక చెప్పక్కర్లేదు.
కంగారులో చేసిన తప్పుకే
గిరాకీ ఎక్కువ.

తాత అగ్బెకో ఆ తపాలా ఆఫీసులోనే
ముద్రలు గుద్దేవాడు.
మిషను బడి పెట్టిన పేరు విల్‌హెల్మ్.
ఇంగ్లీషు సిపాయిలొచ్చాక జీతాల పట్టీలో విలియం.
ఆ తర్వాత కాగితాల్లో గియోమ్.
మనిషి అతనే,
పైన సిరా ఆరేలోపు జెండా మారేది.
ఇంట్లో భార్య మాత్రం
"ఇదిగో, వానొస్తోంది, చేపలు లోపల పెట్టు"
అనేది, ఏ పేరూ పెట్టకుండా.

హాంబర్గు వ్యాపారి మొన్న వచ్చి చూశాడు.
ఈ మూల పాడైంది, సగం ధరే ఇస్తానన్నాడు.

బిళ్ళని వెనక్కి తిప్పింది డ్జిఫా.
ఇటువైపు ఎవరూ ఏమీ అచ్చెయ్యలేదు.
పసుపెక్కిన జిగురు.
ఆ ఒక్క మూలే నున్నగా,
ఎవరో నాలుక తగిలించి
ఉత్తరం పంపకుండా ఆగిపోయినట్టు.