గుర్రం పడితే ఆగాలి

ఉలాన్‌బాతర్‌లో జనవరి.
గుట్ట మీది ప్రతి గుడారం నెత్తినా ఒక పొగగొట్టం,
ప్రతి గొట్టం కిందా ఒక దగ్గు.
వాణ్ణి బయటికి పంపలేను.
ఐదేళ్ల బిల్గూన్‌కి
ఒంట్లో ఎముకల కంటే స్ప్రింగులే ఎక్కువ.

వాళ్లమ్మ నర్మందఖ్ ట్రాలీబస్సు దిగేసరికి
రాత్రి తొమ్మిదవుతుంది.
అప్పటిదాకా నేనూ, వాడూ, పొయ్యీ,
తోలుసంచీలో నలభై గొర్రె చీలమండ ఎముకలూ.
మా తాత వేళ్ల జిడ్డుకి నున్నబడినవి.

ఒక్కో ఎముకా పడే తీరు నాలుగు:
గుర్రం, ఒంటె, గొర్రె, మేక.
తివాచీ మీద గలగలా పోస్తాం.
గుర్రాన్ని గోటితో మీటి
ఇంకో గుర్రాన్నే కొట్టాలి.
దారిలో మేకకి తగిలిందా, వంతు పోయినట్టే.

మొదట్లో వాడి వేలు వాడి మాట వినేది కాదు.
కన్ను చూడకముందే గోరు ఎగిరేది.
ఎముకలు పొయ్యి కిందికి,
ఏడుపు పైకప్పుకి.

నాకేం తెలుసు, వెల్డింగ్ పనివాణ్ణి.
నిప్పు రాజేసే ముందు
ముసుగు దించుకుని
ఒక్క ఊపిరి ఆగుతాం, అంతే.
అదే చెప్పాను.
వాడు బుగ్గలు పూరించాడు,
వదలడం మర్చిపోయి ఎర్రబడ్డాడు,
ఫక్కున నవ్వి
మళ్లీ గురి చూశాడు.

ఒక్కోసారి సరుకులు తెప్పిస్తాను.
"ఎండు పెరుగుగడ్డ, అమ్మ ఎడమచేతి తొడుగు, చిన్న చెంచా."
గొణుక్కుంటూ వెళ్తాడు మూడు పేర్లూ
మూడు గుడ్లు మోస్తున్నట్టు.
రెండు తెస్తాడు,
మూడోదానికి బదులు ఒక కథ.

వాడికి ఇష్టమైంది మాత్రం వేరే ఆట.
ఒకే ఎముక ఎగరేస్తాం:
గుర్రం పడితే పరుగు,
ఒంటె పడితే ఉన్నచోటే బొమ్మ.
గాల్లో ఒక కాలు, కారుతున్న ముక్కు,
తుడుచుకోడు, పందెం కదా.

ఆదివారం నర్మందఖ్ అంది:
"ఇవాళ్టి నుంచి తిరగేద్దాం.
ఒంటె పరిగెత్తుతుంది. గుర్రం ఆగుతుంది."
గుర్రమే పడింది.
వాడు తూలి, ఊగి, ఎలాగో నిలబడ్డాడు.
నేను వెళ్లి బీరువాకి గుద్దుకున్నాను.

బుధవారం జీతంలో కోత అన్నారు.
ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు.
వాడు నాకు టీ పోయబోయాడు, అడగకుండానే,
రెండు చేతులా కూజా ఎత్తి.
తివాచీ నిండా పాల టీ,
అందులో ఈదుతున్న మంద.

నా చెయ్యి లేచింది.
గాల్లో చూసుకునేదాకా
అది నాదని నాకు తెలీదు.

బిల్గూన్ ఏడవలేదు.
టీలోంచి ఒక ఎముక తీసి
కారుతుండగానే అరచేతిలో పెట్టి చూపించాడు.
"గుర్రం."
"గుర్రమైతే పరుగేగా!" అరిచాను.
"కాదు నాన్నా. అమ్మ మార్చింది.
మర్చిపోయావా?"

మర్చిపోయాను.
పొయ్యిలో బొగ్గు చిట్లింది.
బుగ్గలు పూరించాను.
వాడూ పూరించాడు, నాకు సాయంగా.

తర్వాత గుడ్డ తెచ్చాం.
ఒక కొస నాది, ఒక కొస వాడిది.
వాడు ఒక్కో ఎముకా తుడుస్తూ
పేరు పెట్టి పిలిచాడు,
నలభైలో ఒకటి తగ్గిందని
నా చేత కూడా వెతికించాడు.

నర్మందఖ్ వచ్చి ముక్కు ఎగబీల్చి
ఏమైందని అడిగింది.
మేమిద్దరం కదల్లేదు.