గొట్టంలో జూలై

ఉత్స్‌యోకిలో మైనస్ ముప్పై ఒకటి.
స్విచ్ నొక్కితే హీటర్ గొంతు సవరించుకుంటుంది,
తెల్లపొగ ఒక్క బుక్కెడు ఊదుతుంది,
ఆపైన మౌనవ్రతం.

ఫ్యూజు బాగానే ఉంది. బ్యాటరీ పన్నెండున్నర.
డీజిల్ చలికాలందే, రసీదు కూడా ఉంది.
"మూడుసార్లు వెలగకపోతే తాళం వేసుకుంటుంది,
దానికీ అభిమానమే" అన్నాడు తైస్తో,
బండి కింద మంచులో వెల్లకిలా.

ఐలా చేతితొడుగు తీసి
పొగగొట్టంలోకి తీగ దూర్చింది.
ఇనుము ఆమె వేలిని కాసేపు వదల్లేదు.

రాలింది:
కాగితంలాంటి కందిరీగల తుట్టె,
రాత్రే లేని జూలైలో కట్టుకున్నది.
కదిపితే ఒక్కటీ లేవలేదు.

తైస్తో మళ్లీ నొక్కాడు.
టిక్. టిక్. టిక్.
చాలాసేపటికి, లోపల ఎక్కడో, హుమ్మని.

ఐలా తుట్టెని పారేయలేదు.
డాష్‌బోర్డు మీద
వెచ్చగాలి వచ్చేచోట పెట్టింది.